కొంగలు లేని ఉత్తరం

గద్వాల,
16 జూన్ 2024

తమ్మీ అబ్రహాం,

అక్క జమ్ములమ్మ రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా కల్లు తాగిన మనిషి నడిచినట్టే ఉన్నాయి. పాతికేళ్ల కింద మహారాష్ట్రలో కాలువ సొరంగం పనికి పోయినప్పుడు గుడారం ముందు మట్టిలో నీకు అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి, తోడబుట్టకపోయినా తిట్టే హక్కు నాకుంది. మన గుంపు మొత్తంలో చదువొచ్చినదాన్ని అప్పుడు నేనొక్కదాన్నే. నలభై మంది ఇళ్లకు ఉత్తరాలు రాసిన చెయ్యి ఇది. ఇప్పుడు నీ ఒక్కడికే రాస్తున్నది.

మరదలు వసంత నీకు ఫోను కొనిచ్చిందని రాశావు. సొరంగంలో బండలు పేల్చీ పేల్చీ నీ చెవులు పోయాయి కదా, ఫోను ఏం చేసుకుంటావు? పోయినసారి నేను గొంతు పోయేదాకా అరిచాను. నువ్వేమో "ఎవరది, గట్టిగ మాట్లాడుండ్రి" అని పెట్టేశావు. మనకు ఉత్తరమే దిక్కు.

ఒంట్లో ఎట్లా ఉందని అడిగావు. దాచకుండా రాస్తాను. ఏప్రిల్‌లో బడిపిల్లలకు వంట చేస్తుంటే కాళ్లు బరువెక్కాయి. బొటనవేలితో నొక్కి చూస్తే పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. బిడ్డ ఉమ ఊరుకోలేదు, దవాఖానకు పట్టుకుపోయింది. రక్తం తీశారు, మూత్రం తీశారు. రెండు కిడ్నీలూ కలిపి పావు వంతు పనిచేస్తున్నాయట. బీపీ ఒక కారణమట, ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోళీలు ఇంకొక కారణమట. పొద్దున రెండు, రాత్రి రెండు, మనమందరం బఠాణీల్లాగా మింగేవాళ్లం, గుర్తుందా?

వనపర్తిలో భానుప్రకాశ్ అని కిడ్నీ డాక్టరు ఉన్నాడు. చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. "పోయింది తిరిగి రాదమ్మా. మిగిలింది ఎంత నెమ్మదిగా పోతే అంత మంచిది" అన్నాడు. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి ఉంటుందట. కిడ్నీలు చెడేకొద్దీ అది పెరుగుతుందట. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకటి దాటదు. నాది 2.2. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ఉప్పు తగ్గించాలి, తొక్కులు ముట్టొద్దు, నొప్పి గోళీల జోలికి పోనేపోవద్దు.

ఇంతే సంగతి. వసంతను అడిగానని చెప్పు.

నీ అక్క,
జమ్ములమ్మ


నాగర్‌కర్నూల్,
30 జూన్ 2024

అక్కా,

దేవుని కృప నీకు తోడుండాలి. నీ ఉత్తరం చదివి ఆ రోజంతా పనిలో మనసు పెట్టలేకపోయాను. మిరప నారుకు రెండుసార్లు నీళ్లు పెట్టి యజమాని చేత తిట్లు తిన్నాను.

మా నర్సరీలో ప్రతి వరుసకూ ఒక అట్టముక్క గుచ్చి, మొక్కలు ఎప్పుడు ఎంత పెరిగాయో రాస్తాం. నేను ఒక అట్టముక్క మీద నీ పేరు రాసి షెడ్డులో వేలాడదీశాను. కింద 'జూన్, 2.2' అని రాశాను. మూడు నెలలకోసారి నంబరు పంపు, రాసుకుంటాను. మొక్కలు పెరగాలని చూస్తాను, నీ నంబరు పెరగొద్దని చూస్తాను.

వసంత నాకు చేతితో సైగలు చేసీ చేసీ చివరికి కాగితం మీద రాసి చూపించింది. "అక్కకు చింతకాయ తొక్కు అంటే పానం. బంద్ పెట్టుమంటే పెడ్తదా? నువ్వే జర గట్టిగ రాయి" అని. గట్టిగా రాస్తున్నాను. తొక్కు జాడీ ఎవరికైనా ఇచ్చెయ్యి. మాకిస్తే ఇంకా మంచిది.

తమ్ముడు,
అబ్రహాం


గద్వాల,
22 సెప్టెంబరు 2024

తమ్మీ అబ్రహాం,

వనపర్తి పోయి వచ్చాను. నంబరు ఉన్నచోటనే ఉంది. డాక్టరు మంచిగా మాట్లాడాడు. నీ అట్టముక్క మీద అదే రాసుకో.

ఈసారి కృష్ణ నిండుగా వచ్చింది. పొద్దు పొడవక ముందే లేచి ఒడ్డుకు పోతున్నాను. ఏటి మీద పొగమంచు పరుచుకుని, నీళ్లు ఎక్కడ అయిపోతాయో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నడుమ ఉన్న లంక కనబడదు. కానీ అక్కడి కోడి కూస్తుంది. నీళ్లలోంచి కోడి కూసినట్టు వినిపిస్తుంది. కాసేపటికి మంచులోంచి ఒక మనిషి తల, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఆయన నిలబడిన పుట్టి కనిపిస్తాయి. పుట్టి గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఏ తొందరా లేకుండా ఒడ్డుకు వస్తుంది. దిగినవాళ్లు మాట్లాడరు. అంత పొద్దున ఎవరికీ మాట్లాడబుద్ధి కాదేమో.

లోతు తక్కువ ఉన్నచోట కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. లెక్కపెట్టాను, ముప్పై రెండు. పొద్దు ఎక్కాక అన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడు మంచు కూడా వాటి వెంట లేచిపోయినట్టు అనిపిస్తుంది.

ఉమ విత్తన పత్తి చేలో క్రాసింగ్‌కు పోతున్నది. సాయంత్రం మొగ్గలు విప్పి రేకులు తీసేయడం, పొద్దున ఒక్కో మొగ్గకూ మగపువ్వు పుప్పొడి అద్దడం. రోజుకు వెయ్యి మొగ్గలు. ఇంటికి వచ్చేసరికి వేళ్లన్నీ పసుపు పచ్చగా ఉంటాయి. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేళ్లు చూస్తూ కూర్చుంటాను. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

అందరం క్షేమం.

నీ అక్క,
జమ్ములమ్మ


నాగర్‌కర్నూల్,
8 అక్టోబరు 2024

అక్కా,

నంబరు ఆగిందని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. అట్టముక్క మీద 'సెప్టెంబరు, ఉన్నచోటనే' అని రాశాను. ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి స్తోత్రం చేశాను. నేను గట్టిగా అరుస్తానని నాకు తెలియదు కదా, అందరూ వెనక్కి తిరిగి చూశారట.

ఏటి మంచు గురించి రాసింది వసంతకు ఇచ్చి చదువుకోమన్నాను. రెండుసార్లు చదివింది. ఉత్తరమంటే ఇట్లా ఉండాలని నన్ను ఎత్తిపొడిచింది.

ఒక్క మాట. ఉన్నచోటనే అంటే 2.2 యేనా? పక్కన ఒక చుక్క అటూ ఇటూ ఉన్నా రాయి. అట్టముక్క మీద నంబరు లేకపోతే ఖాళీ వరుస లాగా కనబడుతున్నది.

తమ్ముడు,
అబ్రహాం


గద్వాల,
22 డిసెంబరు 2024

తమ్మీ అబ్రహాం,

జవాబు ఆలస్యమైంది. చలికాలం కదా, ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర ముంచుకొస్తున్నది. మంచిదే. కలలు ఎక్కువ వస్తున్నాయి, ఒక కల అయిపోకముందే ఇంకొకటి.

మొన్న బడిలో బియ్యం ఏరుతూ ఏరుతూ నిద్రపోయాను. మన సొరంగం కలలోకి వచ్చింది. దాని నిండా నీళ్లు. నల్లటి నీళ్లు కాదు, అడుగున గులకరాయి కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. మనం నలభై మందిమీ పలుగులు, పారలు భుజాన వేసుకుని ఆ నీళ్లలో నడుస్తున్నాం. ఎవరికీ ఊపిరాడటం కష్టంగా లేదు. చేపలు మన పక్కనుంచి పోతున్నాయి. ముందు నువ్వు లాంతరు పట్టుకున్నావు, నీళ్లలో కూడా అది వెలుగుతున్నది. నేను పిలిచాను. కలలో నీకు చెవులు బాగా వినిపిస్తున్నాయి, వెంటనే తిరిగి చూశావు. లేచి చూస్తే ఒళ్లో బియ్యం చేట, చుట్టూ పిల్లలు నవ్వుతున్నారు. "ఆయమ్మ కండ్లు తెరిసే నిద్రపోతది" అంటున్నారు.

ఈమధ్య ఏది తిన్నా, తాగినా రాగిచెంబులో దాచిన నీళ్ల రుచి వస్తున్నది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో అట్లాంటి నీళ్లు తాగేదాన్ని. ఆ రోజులు మళ్లీ వచ్చినట్టుంది.

ఏటి మీద ఇప్పుడు మంచు ఇంకా చిక్కగా ఉంది. ఒడ్డుకు పోవడానికి నడుమ రెండుసార్లు కూర్చుంటున్నాను. కూర్చున్నచోటు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. కొంగలు పెరిగాయి. మొన్న నలభై ఒకటి ఉన్నాయి. ఒకటి నా దగ్గరిదాకా వచ్చి, నన్ను మనిషి అనుకోలేదేమో, పక్కనే నిలబడింది.

మీకందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

నీ అక్క,
జమ్ములమ్మ


నాగర్‌కర్నూల్,
6 జనవరి 2025

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. నాలుగోది పంపుతున్నాను. కోపమొస్తే రానీ.

నీ ఉత్తరంలో కొంగలు నలభై ఒకటి ఉన్నాయి. నంబరు ఒక్కటీ లేదు.

నాకు చదవడం వచ్చిన తర్వాత గుడారంలో నీ పక్కన కూర్చుని నువ్వు రాసేవి చదివేవాణ్ని. మనవాళ్లు చెప్పేదొకటి, నువ్వు రాసేదొకటి. "కాలు ఇరిగింది" అని చెప్తే "ఇక్కడ చెరువు మీద కొంగలు వాలుతున్నాయి" అని రాసేదానివి. "మేస్త్రీ కొట్టిండు" అంటే "వెన్నెల బాగా కాస్తున్నది" అని రాసేదానివి. పాపం, చదువు రాదు, వేలిముద్ర వేసి ఇచ్చేవాళ్లు. నేను నోరు మూసుకున్నాను. నాకు చదువు చెప్పినదానివి, నిన్నేమంటాను? పైగా నువ్వు రాస్తే నిజంగానే అక్కడ చెరువు ఉన్నట్టు అనిపించేది.

తర్వాత ఇంటికి పోతే వసంత అడిగింది, "నువ్వున్న కాడ గన్ని కొంగలుంటయా? నన్ను ఎప్పుడు తీస్కపోతవు?" అని. ఆ ఉత్తరం రాయించిన రోజు నా రెండు వేళ్లు బండ కింద నలిగాయి. ఆ చుట్టుపక్కల కొంగ కాదు కదా, కాకి కూడా లేదు. అప్పుడు నవ్వుకున్నాను.

మన గుంపులోని మల్లన్న దగ్గర మాత్రం నవ్వలేకపోయాను. జ్వరంతో వణుకుతూ నీకు ఏం చెప్పాడో నేను పక్కనే ఉండి విన్నాను. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. "నాకు తగ్గతలేదు జమ్ములమ్మా, ఆమెను రమ్మని రాయి" అన్నాడు. నువ్వు "ఇక్కడ వానలు మంచిగా పడుతున్నాయి, మనసు చల్లగా ఉంది" అని రాశావు. పన్నెండో రోజు ఆయన పాడె మనమే మోశాం. మొన్న పండగకు తిమ్మాజిపేట పోతే మల్లన్న భార్య పెట్టెలోంచి ఆ ఉత్తరం తీసి చూపించింది. "ఆఖరిదాంక నిమ్మళంగనే ఉండె మా ఆయిన" అని కళ్లు తుడుచుకుంది. నేనేం చెప్పాలి ఆమెకు?

రాగిచెంబు రుచి, పగటి నిద్ర, నడుమ రెండుసార్లు కూర్చోవడం. నేను చెవిటివాణ్నే గాని గుడ్డివాణ్ని కాదు. వసంత చేత ఉమకు ఫోను చేయించగలను. చేయించను. నువ్వే చెప్పాలి. కొంగలు లేని ఉత్తరం ఒకటి రాయి. నంబరు రాయి.

అబ్రహాం


గద్వాల,
19 జనవరి 2025

అబ్రహాం,

చాలా కోపం వచ్చింది. నీకు అక్షరాలు నేర్పడమే తప్పయిందనుకున్నాను. నాలుగు రోజులు ఉత్తరం బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేశాను. తర్వాత తీసి మల్లన్న దగ్గరిదాకా చదివాను. ఇంక కోపం నిలబడలేదు.

సెప్టెంబరులో 3.1. డిసెంబరులో 4.0.

ఉమకు కూడా 2.2 అనే చెప్పాను. కాగితాలు చూపించమంటే బడిలో ఉన్నాయన్నాను. బడిలోనే ఉన్నాయి, పప్పు డబ్బా వెనక.

సెప్టెంబరులోనే డాక్టరు చెప్పాడు. ఇది ఆగేటట్టు లేదు, కొన్ని నెలల్లో డయాలసిస్ పడుతుంది, మిషను రక్తాన్ని శుభ్రం చేస్తుంది అన్నాడు. మిషనుకు రక్తం ఎక్కువగా పారాలంటే ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టాలట. ఫిస్టులా అంటారట. చిన్న ఆపరేషనే. కానీ అది ముదిరి పనికి రావడానికి రెండు నెలలు పడుతుంది, అందుకని ముందే చేయించుకోమన్నాడు. ఆలస్యం చేస్తే ఊపిరాడక తెచ్చి పడేసిన రోజు మెడలో గొట్టం దించాల్సి వస్తుంది, దాంతో చీము పట్టే భయం ఎక్కువ అన్నాడు. డిసెంబరులో మళ్లీ చెప్పాడు. "ఇంకా ఎందుకమ్మా ఆలోచన? గురువారాలు చేస్తున్నాం, రండి" అన్నాడు. వస్తాను అని చెప్పి నేరుగా బస్టాండుకు పోయాను.

ఎందుకు పోలేదో నాకు నేనే చాలా కారణాలు చెప్పుకున్నాను. ఆ చేత్తో ఇంక బరువు ఎత్తొద్దట. తొంభై మంది పిల్లల అన్నం గుండిగ దించేది నేనే, గంజి వంచేటప్పుడు బలమంతా ఎడమ చేతిదే. ఆ పని పోతే నేనెవరిని? ఇది ఒక కారణం. అసలుది ఇంకొకటి. చేతికి కుట్లు పడితే నిజంగా జబ్బు మనిషిని అయిపోతాను. పడనంతవరకు ఏటి ఒడ్డున కూర్చున్న మనిషిని.

కొంగలు అబద్ధం కాదు తమ్మీ. అవి నిజంగానే ఉన్నాయి. మహారాష్ట్రలో లేవు, ఇక్కడ ఉన్నాయి.

మల్లన్న చెప్పింది నేనూ మరిచిపోలేదు. ఆమె వస్తే మేస్త్రీ ఆయన్ను పనిలోంచి తీసేస్తాడని, వానలు పడితే జ్వరం అదే తగ్గుతుందని అనుకున్నాను. ఇంట్లో వాళ్లకు ఒక రాత్రి మంచిగా నిద్ర పట్టాలని రాసేదాన్ని. వాళ్లు ఏం తెలుసుకోవాలో నేనే తేల్చేశాను. నాకేం హక్కుంది? ఇప్పుడు నాకు నేనే అట్లాంటి ఉత్తరాలు రాసుకుంటున్నాను.

భయమేస్తున్నది. ఉమకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

జమ్ములమ్మ


నాగర్‌కర్నూల్,
25 జనవరి 2025

అక్కా,

అట్టముక్క మీద పాతది కొట్టేసి 3.1, 4.0 రాశాను.

ఉమకు ఉత్తరం రాసిపెట్టకు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటితో చెప్పు. కాగితం దొరికితే నువ్వు ఊరుకోవు.

ఫిబ్రవరి ఆరో తారీకు గురువారం. పొద్దున తొమ్మిదికల్లా వనపర్తి బస్టాండులో ఉంటాను. మీ బస్సు దిగేచోటే నిలబడతాను. నువ్వు పిలిస్తే వినపడదు, వచ్చి భుజం తట్టు.

అబ్రహాం


గద్వాల,
23 ఫిబ్రవరి 2025

తమ్మీ అబ్రహాం,

నంబరు ముందు రాస్తున్నాను. 5.2. ఆపరేషను రోజు తీసిన రక్తంలో వచ్చింది. నీతో ఆ రోజు చెప్పలేదు, నాకే నిన్న తెలిసింది. నిన్న పొద్దున కుట్లు విప్పారు.

బస్టాండులో నువ్వు ఉమను అడిగావు, అమ్మ ఎట్లా చెప్పిందని. అది ఏడుపు మొహం పెట్టి పక్కకు తిరిగింది కదా. నేను చెప్తాను విను. పొద్దున అది చేలోకి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నది. నేను కాగితాలు మూడూ తెచ్చి దాని ముందు పెట్టాను. చదివింది.

"గిదంత నిజమేనానే?" అన్నది.

"నిజమే" అన్నాను.

"మరి నాకెందుకు చెప్పలే? నేను నీకేమైత? పక్కింటిదాన్నా?"

"నువ్వు పరేషాన్ అయితవని."

"ఇప్పుడు కానా? అమ్మా, నువ్వు రోజూ ఏటికాడికి పోయొస్తుంటే మా అమ్మ పానం మంచిగైందని నేను అందరికీ చెప్పుకుంటుంటి" అన్నది. అని చెప్పులు విప్పేసి నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. ఆ రోజు చేలోకి పోలేదు. నేను దాని జుట్టు నిమురుతూ కూర్చున్నాను. ఇన్ని నెలలు ఇది నాకెందుకు వద్దనిపించిందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఆపరేషను గదిలోకి మీరిద్దరూ రాలేదు కదా, అక్కడి సంగతి రాస్తాను. మత్తు ఇవ్వలేదు, చెయ్యి ఒక్కటే మొద్దుబార్చారు. నడుమ ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. అవతల నా చెయ్యి ఉంది, కానీ నాది కాదు. కత్తెరలు పళ్లెంలో పెట్టే చప్పుడు వినిపిస్తున్నది. పైన లైటు చుట్టూ వెలుగు వలయంలాగా కదులుతున్నది. కాసేపు నేను ఎక్కడ ఉన్నానో తెలియలేదు, నీళ్ల అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు ఉంది. ఇది మభ్యపెట్టడానికి రాయడం లేదు. నిజంగా అట్లాగే ఉంది, నిజంగా భయంగానూ ఉంది. అది గమనించిందేమో, ఒక నర్సమ్మ వచ్చి పాదాలు పట్టుకుంది.

అయిపోయాక డాక్టరు నా కుడి చేతిని తీసుకుని కట్టు పక్కన పెట్టించాడు. చర్మం కింద జుమ్మని కదులుతున్నది. "రోజూ పొద్దున లేవగానే ఇట్లా పట్టి చూసుకోండి. ఇది ఉన్నంతవరకు దారి తెరిచి ఉన్నట్టు. ఎప్పుడైనా ఆగితే ఆ గంటలోనే రండి" అన్నాడు. ఇప్పుడు రోజూ కళ్లు తెరవక ముందే చెయ్యి పట్టి చూస్తాను. తర్వాత ఉమ చూస్తుంది. దానికి నా మాట మీద నమ్మకం లేదట. బాగానే చేస్తున్నది.

బడిలో గుండిగ ఇప్పుడు భీమన్న దించుతున్నాడు, అదే మన బడి అటెండరు. మొదటి రోజు సగం గంజి కాళ్ల మీద పోసుకున్నాడు. నేను పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. పిల్లలు నా చెయ్యి చూడాలని వరుస కట్టారు. పెద్దమేడం కోప్పడింది. నాకు మాత్రం బాగానే ఉంది.

ఏప్రిల్ మొదట్లో చెయ్యి తయారవుతుందట. అప్పటికి నంబరు ఆరు, ఏడు దాటుతుంది, ఇంక ఆపలేమని డాక్టరు చెప్పేశాడు. వారానికి మూడుసార్లు వనపర్తికి పోవాలి. ప్రతిసారీ నాలుగు గంటలు ఆ మిషను పక్కన పడుకోవాలి. నిన్న ఉమ, నేను ఆ గది చూసి వచ్చాం. పది మంచాలు ఉన్నాయి. ఒక్కో మంచం పక్కన ఒక స్టూలు ఉంది. కొన్నిటి మీద మనుషులు కూర్చుని ఉన్నారు, కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఖాళీ స్టూలు పక్కన పడుకున్న ఒక ఆమె వచ్చేపోయేవాళ్లందరి వైపు చూస్తున్నది. ఇంటికి వచ్చినా ఆమె చూపు పోలేదు.

ఉమ ఉంటుంది. కానీ దాన్ని చూస్తే నేను ఏడవలేను, నవ్వుతాను. నీ ముందైతే ఏడవగలను.

మొదటి రోజు నువ్వు రా తమ్మీ. వచ్చి ఆ స్టూలు మీద కూర్చో.

జమ్ములమ్మ